క్యాంపస్‌ని బొగ్గు, డీజిల్, గ్యాస్ నుంచి బయటపడేయడం ఎలా?

"మన యూనివర్సిటీలో కూడా సోలార్ పెట్టిద్దాం" అని ఎవరో ఒకరు అనగానే అందరి చూపూ బిల్డింగుల పైకప్పుల మీదకి వెళ్తుంది. వారం తిరక్కుండా ఓ వెండర్ దిగి, డ్రోన్ ఎగరేసి, రంగురంగుల ప్రెజెంటేషన్ ఇచ్చేస్తాడు. ఆయన్ని ఓ రెండు నెలలు ఆగమనండి. ప్యానెళ్లు ఎన్ని పడతాయన్నది తర్వాత తేలే విషయం. మీ క్యాంపస్ ఏ గంటలో ఎంత కరెంటు లాగుతోంది, ఆ గంటలో ఎండ ఉందా లేదా అన్నది ముందు తేలాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, హాస్టళ్లు, సొంత బస్సులు ఉన్న మధ్యస్థాయి యూనివర్సిటీని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీరు ఎస్టేట్ ఆఫీసర్ కావచ్చు, ప్రొఫెసర్ కావచ్చు, గ్రీన్ క్లబ్ నడిపే స్టూడెంట్ కావచ్చు. స్టూడెంట్ అయితే బిల్లుల కాపీలు అడగడానికి ఓ ప్రొఫెసర్‌ని వెంట తీసుకెళ్లండి, పని తొందరగా అవుతుంది.

1. ఏడాది కాగితాలు పోగేయండి

గత 12 నెలలవి నాలుగు రకాల కాగితాలు కావాలి: డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) హెచ్‌టీ బిల్లులు, జనరేటర్ లాగ్‌బుక్, మెస్ గ్యాస్ బిల్లులు, బస్సుల డీజిల్ లెక్కలు. మొదటివి అకౌంట్స్ సెక్షన్‌లో సులువుగానే దొరుకుతాయి. మిగతా వాటికి తిరగాలి. గ్యాస్ మెస్ కాంట్రాక్టర్ ఖాతాలో ఉంటుంది, జనరేటర్ డీజిల్ ఒక్కోచోట బస్సుల డీజిల్‌లోనే కలిసిపోయి ఉంటుంది. విడదీసి రాయించండి.

తర్వాత అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చండి. గ్రిడ్ నుంచి వచ్చే యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కేజీల కార్బన్ డయాక్సైడ్, లీటర్ డీజిల్‌కి 2.7 కేజీలు, 19 కేజీల కమర్షియల్ సిలిండర్‌కి 57 కేజీల దాకా వేసుకోవచ్చు.

ఉదాహరణకి నెలకి 3 లక్షల యూనిట్లు, 100 సిలిండర్లు, జనరేటర్‌కి 2,000 లీటర్లు, 20 బస్సులకి 11,000 లీటర్లు వాడే క్యాంపస్ అనుకుందాం. కరెంటుది 210 టన్నులు. బస్సులది 30. గ్యాస్, జనరేటర్ చెరో ఐదారు టన్నులు. కళ్లముందు పొగ కక్కేది జనరేటరే కాబట్టి అందరూ దాన్నే తిడతారు. అసలు పొగ మాత్రం రామగుండంలోనో, కొత్తగూడెంలోనో, ఇబ్రహీంపట్నంలోనో, సింహాద్రిలోనో బొగ్గు ప్లాంట్ల నుంచి పైకి లేస్తోంది. మీ నిష్పత్తులు వేరేగా ఉండొచ్చు, కానీ ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన కనపడేదాకా ఏ టెండరూ పిలవకండి.

2. మీటర్‌ని అడగండి

నెల బిల్లులో మొత్తం యూనిట్లే ఉంటాయి. మీకు కావాల్సింది గంటగంటకీ లెక్క. అది మీ హెచ్‌టీ మీటర్‌లోనే దాగి ఉంటుంది: 15 నిమిషాలకో, 30 నిమిషాలకో ఓసారి లోడ్‌ని నమోదు చేస్తూనే ఉంటుంది. డిస్కం మీటర్స్ విభాగానికి ఓ లెటర్ పెట్టి ఎమ్మారై డంప్, అంటే మీటర్‌లో దాచిన రీడింగుల ఫైల్, అడగండి. ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ ఉన్న యూనివర్సిటీ అయితే దాన్ని గ్రాఫ్ గీయడం ఎవరికైనా మినీ ప్రాజెక్ట్‌గా ఇచ్చేయొచ్చు.

నాలుగు రోజుల గ్రాఫులు చాలు: క్లాసులు జరిగే మామూలు రోజు, ఓ ఆదివారం, ఏప్రిల్‌లో పరీక్షల ముందు రోజు, మే నెల సెలవుల్లో ఓ రోజు. హాస్టళ్లున్న చోట సాధారణంగా కనపడేది ఇదీ: తెల్లవారుజామున గీజర్ల వల్ల ఓ శిఖరం, పగలు ల్యాబులు, ఏసీలతో ఓ మోస్తరు ఎత్తు, సాయంత్రం 7 తర్వాత హాస్టళ్లు నిండగానే మళ్లీ పైకి. మే నెలలో ఎండ మండిపోతుంటే గ్రాఫ్ నేలకి అతుక్కుని ఉంటుంది. అంటే సోలార్ ఎక్కువ ఇచ్చినప్పుడు వాడేవాళ్లు లేరు, వాడేవాళ్లు ఉన్నప్పుడు సూర్యుడు లేడు. ఇకపై చెప్పే ప్రతి పనీ ఈ రెండిటినీ దగ్గరికి తేవడం కోసమే.

3. ముందు ఫ్యాన్లు మార్చండి, నిజంగానే

ఫ్యాన్ల దగ్గర ఎవరూ రిబ్బన్ కట్ చేయరు కాబట్టి ఈ పని వెనకబడిపోతుంది. లెక్క చూడండి. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 75 వాట్ల దాకా తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. క్యాంపస్ మొత్తం మీద 5,000 ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే మిగులు 2,700 యూనిట్లు. 500 కిలోవాట్ల సోలార్ ప్లాంట్ రోజుకి ఇచ్చేది సుమారు 2,000 యూనిట్లే. చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోతాయి, నిజమే. అయినా ఫ్యాన్ల ఖర్చు ఆ ప్లాంట్ ఖర్చులో సగం చుట్టూ ఉంటుంది, పైగా అది రాత్రిపూట లోడ్‌ని తగ్గిస్తుంది. రాత్రి లోడ్ తగ్గించే పని ప్యానెళ్ల వల్ల కాదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రిమోట్‌తో మాత్రమే స్పీడ్ మారే మోడల్ హాస్టల్‌కి వద్దు. నెల తిరిగేసరికి సగం గదుల్లో రిమోట్లు ఉండవు, మిగతా సగంలో బ్యాటరీలు ఉండవు. గోడ స్విచ్‌ని ఆపి వేస్తే స్పీడ్ మారేవి గానీ, వాటికోసమే చేసిన రెగ్యులేటర్‌తో పనిచేసేవి గానీ తీసుకోండి. పాత రెగ్యులేటర్లని తీసేయించాలి. వాటితోనే బిగిస్తే ఫ్యాన్‌లోని ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి.

గీజర్ల స్థానంలో హాస్టల్ బ్లాక్‌కి ఒకటి చొప్పున హీట్ పంప్ పెట్టించండి. గీజర్‌తో పోలిస్తే అదే నీటికి మూడో వంతు కరెంటు చాలు. టైమర్ పెట్టి మధ్యాహ్నం ఎండలో నీళ్లు కాచి, ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో ఉంచితే పొద్దునకీ వేడిగానే ఉంటాయి. తెల్లవారుజాము శిఖరం మధ్యాహ్నానికి జరిగినట్టే. గాజు గొట్టాల సోలార్ హీటర్లూ మంచివే, కానీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న చోట పొరలు కట్టి మూలపడతాయి.

ఏసీలు 24 డిగ్రీల దగ్గర పెట్టడం, ప్యానెళ్లు రాని పైకప్పులకి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించడం కూడా ఇక్కడే పూర్తిచేయండి. తెలంగాణకైతే 2023లో వచ్చిన కూల్ రూఫ్ పాలసీ ఎలాగూ ఉంది. ఇవన్నీ అయ్యాక గరిష్ఠ డిమాండ్ తగ్గుతుంది. అప్పుడు కాంట్రాక్ట్ డిమాండ్ (ఇంతవరకు లాగుతామని ఒప్పందంలో రాసుకున్న పరిమితి) తగ్గించమని డిస్కంకి దరఖాస్తు పెట్టండి. వాడినా వాడకపోయినా సాధారణంగా కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి చార్జీ కడుతూనే ఉంటారు కాబట్టి, ఈ ఒక్క కాగితమే ఏటా లక్షలు మిగల్చగలదు.

4. ఇప్పుడు పైకప్పు ఎక్కండి

కిలోవాట్‌కి నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ఎండకి కిలోవాట్ రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 500 కిలోవాట్లంటే 50,000 చదరపు అడుగులు, నెలకి 60,000 యూనిట్లు. మన 3 లక్షల యూనిట్ల క్యాంపస్‌లో అది ఐదో వంతు. "వంద శాతం సోలార్ క్యాంపస్" అని బోర్డు రాయించేవాళ్లకి ఈ అంకె చూపించండి. కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు పునరుత్పాదక ఇంధనం గురించి అడుగుతారని అడ్మిన్ బ్లాక్ మీద నాలుగు ప్యానెళ్లు బిగించి ఫొటోలు తీసుకునే కాలేజీలకి ఎలాగూ ఈ గైడ్‌తో పనిలేదు.

బిల్డింగులు ఎంచుకునేటప్పుడు వయసు చూడండి. పాత స్లాబ్ కురుస్తుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. ప్యానెళ్లు 25 ఏళ్లు ఉంటాయి, వాటి కింద రెండేళ్లకి చెమ్మ మొదలైతే విప్పి మళ్లీ బిగించే ఖర్చు మీదే. బిల్డింగ్ ఆ బరువు మోయగలదన్న స్ట్రక్చరల్ సర్టిఫికెట్ సివిల్ డిపార్ట్‌మెంట్ చేత రాయించుకోండి. తీరంలో ఉంటే స్టాండ్ల విషయంలో బేరాలాడకండి. గాలి వేగానికి డిజైన్ ప్రమాణం హైదరాబాద్‌లో సెకనుకి 44 మీటర్లు, విశాఖలో 50. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను ఆంధ్రా యూనివర్సిటీలో చెట్లని ఎలా పడగొట్టిందో చూసినవాళ్లకి ఈ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. నీడ పడుతోందని చెట్లు కొట్టేయమని వెండర్ అంటే ఆ బిల్డింగ్‌ని జాబితాలోంచి తీసేయండి.

నెట్ మీటరింగ్‌కి (మిగులు సోలార్‌ని గ్రిడ్‌కి ఇచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) కేంద్ర నిబంధనల్లో 2021 సవరణ 500 కిలోవాట్లు లేదా శాంక్షన్డ్ లోడ్, ఏది తక్కువైతే అది అని చెప్తోంది. రాష్ట్ర రెగ్యులేటరీ కమిషన్ ఉత్తర్వుల్లో పరిమితి వేరుగా ఉండొచ్చు, అందుకే దరఖాస్తుకి ముందే డిస్కం ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్) ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. సాధ్యాసాధ్యాల పరిశీలన, చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి, మీటర్ టెస్టింగ్, ఒప్పందం: కాగితాలకే కొన్ని నెలలు పట్టొచ్చు. పునరుత్పాదక ఇంధనాన్ని చూసే ప్రభుత్వ సంస్థల సలహా తీసుకోండి: ఆంధ్రలో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్, తెలంగాణలో రెడ్కో. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకి ఉద్దేశించింది, మీ హాస్టళ్లకి దాన్ని లెక్కలో వేసుకోకండి.

5. సొంత డబ్బా, రెస్కోనా?

డబ్బుంటే సొంతంగా పెట్టుకోవడమే లాభం. లేకపోతే రెస్కో పద్ధతి: కంపెనీ తన ఖర్చుతో ప్లాంట్ పెడుతుంది, మీరు 25 ఏళ్ల పాటు యూనిట్‌కి ఇంత అని కడతారు. ఫైనాన్స్ ఆఫీసర్‌కి ఇది చాలా నచ్చుతుంది, కాబట్టి ఒప్పందాన్ని మీరే చదవాలి. రేటు కంటే మూడు క్లాజులు ముఖ్యం. ఒకటి, డీమ్డ్ జనరేషన్: గ్రిడ్ సప్లై పోయి ప్లాంట్ ఆగినా, మే సెలవుల్లో మీరు వాడుకోలేకపోయినా ఆ యూనిట్లకి డబ్బు కట్టాలా? రెండు, కనీస ఉత్పత్తి హామీ: తగ్గితే కంపెనీ ఎంత కడుతుంది? మూడు, పైకప్పు రిపేర్ వచ్చినప్పుడు విప్పడానికి ఏడాదికి ఎన్ని రోజులు ఉచితం? ఈ మూడిటికీ సూటిగా జవాబు లేని ఒప్పందం మీద రిజిస్ట్రార్ సంతకం పడనివ్వకండి.

6. పవర్ ఫ్యాక్టర్: ఎవరూ ముందుగా చెప్పని సంగతి

సోలార్ ఆన్ చేసిన మొదటి నెల బిల్లు చూసి చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది: యూనిట్లు తగ్గాయి, బిల్లు మాత్రం అనుకున్నంత తగ్గలేదు. కారణం ఇదీ. మీ లోడ్ 400 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (లాగే మొత్తంలో నిజంగా పనికొచ్చే వంతు) 0.97 అనుకోండి. దానికి తోడు రియాక్టివ్ లోడ్, అంటే మోటార్లలాంటివి లాగినా పనిగా మారని భాగం, 100 కేవీఏఆర్ ఉంటుంది. సోలార్ వచ్చి 300 కిలోవాట్లు తనే ఇచ్చేసింది. గ్రిడ్ నుంచి వచ్చేది 100 కిలోవాట్లే. రియాక్టివ్ మాత్రం అదే 100. మీటర్‌కి కనపడే పవర్ ఫ్యాక్టర్ 0.7కి పడిపోయింది. హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే ఆ రెండూ కలిసిన లెక్క మీద వేస్తారు కాబట్టి 100కి బదులు 141కి కడుతున్నారు.

దీనికి మందు కష్టమైంది కాదు. ఆటోమేటిక్ కెపాసిటర్ ప్యానెల్‌కి సిగ్నల్ ఇచ్చే సీటీ (కరెంటుని కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) సోలార్ కలిసే చోటుకి ముందు, అంటే గ్రిడ్ వైపు ఉండాలి. లేదా ఇన్వర్టర్లనే కొంత రియాక్టివ్ పవర్ ఇచ్చేలా సెట్ చేయించాలి. ఇప్పటి ఇన్వర్టర్లలో ఈ సౌకర్యం ఉంటుంది, అడిగితే తప్ప ఎవరూ ఆన్ చేయరు. టెండర్‌లోనే "పగటిపూట గ్రిడ్ మీటర్ వద్ద పవర్ ఫ్యాక్టర్ 0.95కి తగ్గకూడదు" అని ఒక లైన్ రాయించండి.

7. బస్సులు: పగలంతా ఖాళీగానే ఉంటాయి

యూనివర్సిటీ బస్సు పొద్దున 9కి లోపలికి వస్తే సాయంత్రం 4 దాటాకే కదులుతుంది. సరిగ్గా ఎండ కాసే గంటలు. ఆర్టీసీ బస్సుకి లేని వెసులుబాటు ఇది. ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటర్‌కి సుమారు ఒక యూనిట్, ఏసీ ఉంటే ఇంకొంచెం తీసుకుంటుంది. రోజుకి 100 కిలోమీటర్లు తిరిగే 20 బస్సులకి 2,000 యూనిట్లు, మన 500 కిలోవాట్ల ప్లాంట్ ఒక రోజు ఇచ్చేది అంతే. గ్రిడ్‌కి పంపే కరెంటుకి తక్కువ రేటు వచ్చే చోట మధ్యాహ్నం మిగులుని బస్సుల్లో నింపుకోవడమే మేలు.

ధర మాత్రం డీజిల్ బస్సుకి రెండింతలు దాటుతుంది, కాబట్టి ఒకేసారి కొనకండి. పాతబడి స్క్రాప్‌కి వెళ్లే బస్సు స్థానంలో ఒకటి చొప్పున తెచ్చుకోండి. పార్కింగ్ షెడ్ వేసేటప్పుడే పైన ప్యానెళ్లకి తట్టుకునే స్టీలు, కింద చార్జర్లకి సరిపడా కేబుల్ వేయించండి. తర్వాత రోడ్డు తవ్వే పని తప్పుతుంది. చార్జర్లన్నీ ఒకేసారి ఆన్ అయితే గరిష్ఠ డిమాండ్ ఎగిరిపోతుంది, వంతులవారీగా నింపే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి.

8. మెస్

వంటగది విషయంలో ఓపిక కావాలి. అన్నం, పప్పు, ఇడ్లీ ఆవిరితోనే అవుతాయి కాబట్టి బాయిలర్‌ని ఎలక్ట్రిక్‌కి మార్చడం సులువు. దోసె పెనాలు, తాలింపు బర్నర్లు వంట మాస్టర్ ఒప్పుకున్నాకే ముట్టుకోండి. ఓ పెద్ద ఇండక్షన్ స్టవ్ తెచ్చి నెల రోజులు ఆయన చేతిలో పెట్టండి, మంట లేని స్టవ్ దగ్గర చెమట పట్టదని ఆయనే చెప్తారు.

ఎండతో ఆవిరి పుట్టించడం మనకి కొత్త కాదు. 2002లోనే తిరుమలలో 106 పారాబోలిక్ డిష్‌లతో రోజుకి 4,000 కేజీల ఆవిరి ఇచ్చే సోలార్ వంట వ్యవస్థ పెట్టారు, 15,000 మందికి వండే సామర్థ్యంతో. ఇవాళ్టి లెక్కలో చూస్తే డిష్‌ల కంటే ప్యానెళ్లు, ఎలక్ట్రిక్ బాయిలర్ల నిర్వహణే తేలిక అని నా అభిప్రాయం. అద్దాలు తుడిచి, సూర్యుడి వెంట తిప్పే యంత్రాంగాన్ని బాగుచేసే మనిషి ప్రతి క్యాంపస్‌లో దొరకడు.

మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులకి బయోగ్యాస్ బాగుంటుంది. 100 కేజీల వ్యర్థాలకి దాదాపు 4 కేజీల ఎల్పీజీకి సమానమైన గ్యాస్ వస్తుందని లెక్కేసుకోండి, అంతకు మించి ఆశపడకండి. సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో హైదరాబాద్ పరిశోధన సంస్థ ఐఐసీటీ టెక్నాలజీతో రోజుకి 10 టన్నుల వ్యర్థాలతో నడిచేలా పెట్టిన ప్లాంట్‌ని మీ మెస్ కమిటీకి ఓసారి చూపించండి. ప్లేట్లలో ప్లాస్టిక్ కవర్లు, నిమ్మ తొక్కలు కలిసి వచ్చాయో డైజెస్టర్ మొరాయిస్తుంది. వేరు చేసే పని ప్లేట్లు కడిగే చోటే జరగాలి.

9. జనరేటర్

కరెంటు పోతే పైకప్పు సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగాలన్నది నియమం. కాబట్టి జనరేటర్‌ని వెంటనే అమ్మేయలేరు. డీజిల్ కరెంటు యూనిట్ 30 రూపాయల చుట్టూ పడుతుంది గనక, ఏవి ఆగకూడదో ముందు తేల్చండి: సర్వర్లు, ల్యాబ్ ఫ్రీజర్లు, హెల్త్ సెంటర్, లిఫ్టులు. వాటికి మాత్రం రెండు గంటల బ్యాటరీ పెట్టి, ఆ తర్వాతే జనరేటర్ ఎత్తుకునేలా చేస్తే డీజిల్ చాలావరకు తగ్గుతుంది. పగలు జనరేటర్‌తో సోలార్ కలిపి నడపాలంటే కంట్రోలర్ ఉండాలి, జనరేటర్ మీద 30 శాతం కంటే తక్కువ లోడ్ పడకూడదు.

10. మిగిలిన ఐదింట నాలుగు వంతులు

ఇంత చేశాక కూడా గ్రిడ్ కరెంటే ఎక్కువ వాడుతుంటారు, ముఖ్యంగా రాత్రుళ్లు. దానికి రెండు దారులు. తేలికైనది గ్రీన్ టారిఫ్: యూనిట్‌కి కొంత అదనం కట్టి పునరుత్పాదక కరెంటే కావాలని డిస్కంని అడగడం. రెండోది గ్రీన్ ఓపెన్ యాక్సెస్. 2022 నిబంధనల ప్రకారం 100 కిలోవాట్లు, అంతకు మించి కాంట్రాక్ట్ డిమాండ్ ఉన్నవాళ్లు బయటి సోలార్, విండ్ ప్లాంట్ల నుంచి నేరుగా కొనుక్కోవచ్చు. కొటేషన్ చూసేటప్పుడు ప్లాంట్ దగ్గరి రేటు చూసి మురిసిపోకండి. ట్రాన్స్‌మిషన్, వీలింగ్ చార్జీలు (డిస్కం లైన్లు వాడుకున్నందుకు కట్టేవి), లైన్ లాస్, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జ్ (బయట కొన్నందుకు డిస్కంకి కట్టే అదనం) అన్నీ కలిపి మీ మీటర్ దగ్గర ఎంత పడుతుందో రాయించుకోండి.

అందులో సోలార్ ఒక్కటే కొనకండి, అది మీకు పైకప్పు మీదే ఉంది. అనంతపురం జిల్లా గాలిమరలు నైరుతి రుతుపవనాల నెలల్లో, సరిగ్గా మబ్బులకి మీ ప్యానెళ్లు నీరసించినప్పుడు, రాత్రీ పగలూ తిరుగుతాయి. జూన్‌లో తెరిచే క్యాంపస్‌కి విండ్ సరిగ్గా సరిపోతుంది. ఒప్పందంలో రెన్యూవబుల్ ఎనర్జీ సర్టిఫికెట్లు ఎవరివో కూడా చూడండి. అవి అమ్మకందారు వేరేవాళ్లకి అమ్ముకుంటే ఆ కరెంటుని గ్రీన్ అని మీ వార్షిక నివేదికలో రాసుకునే హక్కు మీకు ఉండదు.

11. కోతులు, బోరు నీళ్లు, తాళం చెవి

ప్యానెళ్లు కడగడానికి పక్కనున్న బోరు పైపు తగిలించేస్తారు. ఆ నీళ్లు ఆరిన చోట తెల్లటి ఉప్పు మరకలు గట్టిపడి, దుమ్ము కంటే ఎక్కువ నష్టం చేస్తాయి. సాఫ్ట్ వాటర్ గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ వాడాలి, అదీ తెల్లవారాక ఎండ ఎక్కేలోపే. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చల్లటి నీళ్లు కొడితే పగుళ్లు రావొచ్చు. కోతులున్న క్యాంపస్‌లో కేబుల్స్ బయటికి వేలాడకూడదు, మొత్తం మూత ఉన్న ట్రేలలో పోవాలి.

ఐదేళ్ల ఏఎంసీని (ఏటా నిర్వహణ చూసే ఒప్పందం) అసలు టెండర్‌లోనే కలపండి. మీ ఎలక్ట్రీషియన్లలో ఇద్దరికి ఇన్వర్టర్ యాప్ చూడటం, స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్లు) కరెంట్ కొలవడం నేర్పించమని అందులోనే రాయండి. టెర్రస్ తాళం చెవి సెక్యూరిటీ ఆఫీసులో ఒకటి, ఆ ఎలక్ట్రీషియన్ల దగ్గర ఒకటి ఉండాలి. ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు శుక్రవారం సాయంత్రం వెలిగితే సోమవారం దాకా ఆగకుండా పైకెక్కే మనిషి పేరు, ఫోన్ నంబర్ కంట్రోల్ రూమ్ గోడ మీద అతికించండి.